ముగ్గు పోయుటకు ముందు: కొత్త ఇంటిలో సామానులకు చోటు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని పెద్దలు ఊరక అనలేదు. ఇల్లు కట్టదలచిన రైతు ఇటుకకు, ఇసుకకు, సిమెంటునకు, మేస్త్రీ కూలికి లెక్క వేసికొనును. వంటగది ఏ మూల నుండవలెనో, సింహద్వారము ఏ దిక్కునకు చూడవలెనో నలుగురిని అడిగి తెలిసికొనును. కాని ట్రాక్టరు ఎక్కడ నిలుపవలెను? ఎరువుల బస్తాలు, పురుగుమందులు, డీజిలు డబ్బా, విత్తనముల సంచులు, పారలు, గునపములు ఎక్కడ ఉంచవలెను? ఈ ప్రశ్నలను ముగ్గు పోయుటకు ముందు అడుగువారు అరుదు. గృహప్రవేశము నాడు ఇల్లు అద్దమువలె ఉండును. ఒక్క పంటకాలము గడచునప్పటికి మంచము క్రింద యూరియా బస్తా, మెట్ల క్రింద మందు సీసాలు, ముందు గదిలో మోటారు సైకిలు చేరును.

గ్రామములలో తిరుగు మాకు ఈ దృశ్యము కొత్త కాదు. ఒక గ్రామమున ఒక రైతు తాను కట్టుకొనిన కొత్త ఇంటిని మాకు ఎంతో సంతోషముతో చూపించెను. గచ్చు నున్నగా, గోడలు తెల్లగా ఉన్నవి. పడకగది అటకపై, బియ్యపు బస్తా ప్రక్కన, మూత సగము మాత్రమే బిగించిన పురుగుమందు సీసా ఒకటి కనబడినది. “ఇక్కడ ఎందుకుంచినారండీ?” అని అడుగగా, “మరి వేరే చోటెక్కడున్నదండీ?” అని ఆయన మమ్ములనే తిరిగి అడిగెను. ఆ మాటలో నిజమున్నది. ఆయన అజాగ్రత్తపరుడు కాడు. ఇంటి పటములో ఆ సీసాకు చోటు చూపబడలేదు. కనుక అది తనకు దొరికిన చోట చేరినది.

పాత లోగిలి నేర్పిన పాఠము

పాత ఇండ్లలో ప్రతి వస్తువునకు ఒక చోటు ఉండెడిది. ధాన్యమునకు గాదె, గరిసె, పాతర, పప్పు దినుసులకు, ఊరగాయ జాడీలకు అటక, పశువులకు కొట్టము, బండికి, కాడికి, నాగలికి పెరటిలోని పాక. మనుష్యులు నిద్రించు చోట పని సామాను ఉండరాదను వివేకము ఆ ఏర్పాటులో కలదు. ఆ కాలమున వ్యవసాయపు సామానులో ప్రాణము తీయునది తక్కువ. నాగలి వాకిట పడియున్నను ఇంటికి నిప్పు ముట్టించదు. ఎడ్లబండి విషవాయువును విడువదు.

నేడు రైతు ఇంటికి ఇంధనము వచ్చినది, రసాయనిక మందులు వచ్చినవి, విద్యుత్ బండ్ల బ్యాటరీలు వచ్చినవి. అనగా పాత ఇంటికంటె కొత్త ఇంటికే సామాను కొట్టు ఎక్కువ అవసరము. మనమో, గాదెను, పాకను తీసివేసి ఆ స్థలమును హాలులో కలుపుకొనినాము.

ఒకే చోట కలిసినందున

చోటు లేక కలిపి ఉంచిన వస్తువులు ఎంత కీడు చేయగలవో తెలియుటకు రెండు ఉదంతములు చాలును.

1958లో కేరళ రాష్ట్రమునకు వచ్చుచున్న ఆహార పదార్థముల బస్తాలతోపాటు అదే ఓడలో పారాథియాన్ అను పురుగుమందును కూడ తెచ్చిరి. దారిలో మందు కారి బస్తాలకు అంటినది. ఆ ఆహారము తిని 100 మందికి పైగా మరణించిరి. ఆ ఘోరము తరువాత జరిగిన విచారణల ఫలితముగానే 1968లో పురుగుమందుల చట్టము, 1971లో దాని నిబంధనలు వచ్చినవి.

2013 జూలై 16వ తేదీన బీహారులోని సారణ్ జిల్లాలో ఒక గ్రామ పాఠశాలయందు మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు ప్రాణములు విడిచిరి. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలినది.

మొదటిది ఓడ, రెండవది పాఠశాల. రెండు చోట్లను విషము ఆహారమును చేరినది. పడకగది అటకపై బియ్యము ప్రక్కన ఉన్న సీసాకు అంత దూరము కూడ లేదు.

తినునవి, మండునవి, చంపునవి

కాబట్టి ఇంటి పటము గీయించుటకు ముందు ఇంటి సామానునంతయు మూడు గుంపులుగా కాగితముపై వ్రాసికొనవలెను. ధాన్యము, అపరాలు, నూనెగింజలు, పశువుల దాణా మొదటి గుంపు: ఇవి తినునవి. పెట్రోలు, డీజిలు, ట్రాక్టరు, మోటారు సైకిలు, బ్యాటరీలు రెండవ గుంపు: ఇవి మండునవి. పురుగుమందులు, కలుపు మందులు, ఎలుకల మందు, మందు పట్టించిన విత్తనము మూడవ గుంపు: ఇవి చంపునవి. ఒక గుంపు వస్తువు మరియొక గుంపు వస్తువుతో ఒకే తలుపు వెనుక ఉండరాదు. ఈ ఒక్క నియమమును పాటించినచో తక్కిన ఏర్పాటు సులభమగును.

ఎరువుల సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. యూరియా గాలిలోని తేమను పీల్చుకొని గడ్డకట్టును. 2018 నుండి 45 కిలోల సంచులలో వచ్చుచున్న ఈ తెల్లని గుళికలు చూపునకు ఉప్పువలె ఉండును. పశువులు వాటిని నాకినను, యూరియా కరగిన కుడితి త్రాగినను కొద్ది సేపటిలోనే చనిపోవచ్చును. కనుక ఎరువుల బస్తాలను పశువుల కొట్టమునకు, కుడితి తొట్టికి, దాణాకు దూరముగా, చెక్క బల్లలపై, నిప్పు తగులని పొడి చోట పేర్చవలెను.

మండు వస్తువుల కొట్టు

సాధారణమైన ట్రాక్టరు సుమారు 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉండును. వెనుక రోటవేటరునో, గొర్రునో తగిలించినచో పొడవు మరి 3, 4 అడుగులు పెరుగును. మనిషి చుట్టు తిరుగుటకు, గోడకు పనిముట్లు తగిలించుటకు చోటు కావలెను. కనుక 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల కొట్టు తగియుండును. వాకిలి 10 అడుగుల వెడల్పునకు తగ్గరాదు. వీధి మట్టమునుండి కొట్టు నేల 1 అడుగు ఎత్తున ఉన్నచో వాలు కనీసము 8 అడుగుల పొడవున సాగవలెను. లేనిచో ఎక్కించునపుడు బండి ముందు భాగము పైకి లేచును. మోటారు సైకిలు మాత్రమే కలవారికి 7 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల వసారా చాలును.

పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకి పోక నేలబారున ప్రాకి పల్లములో నిలుచును. కనుక పైన కిటికీ ఒక్కటి ఉన్నచో చాలదు; నేల మట్టమునకు దగ్గరగా గూడ గాలి పోవు రంధ్రములుండవలెను, వాటికి తీగ వల బిగింపవలెను. మోటారు స్టార్టరు, వంటపొయ్యి, దీపపు గూడు, గడ్డివామి ఈ కొట్టునకు దగ్గరలో ఉండరాదు.

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన కొట్టులో ఇంజను నడిపినచో లోపలివారు తమకేమి జరుగుచున్నదో తెలియకయే స్పృహ తప్పుదురు. కాబట్టి బండిని బయటకు తెచ్చిన పిదపనే ఇంజనును వేడెక్కనీయవలెను. కొట్టునకు, పడకగదికి నడుమ గోడ ఒక్కటే అయినను, ఆ గోడకు తలుపు గాని, కిటికీ గాని పెట్టరాదు.

విద్యుత్ స్కూటరు కొనిన ఇండ్లకు ఒక హెచ్చరిక. 2022 ఏప్రిలు నెలలో నిజామాబాదులోను, విజయవాడలోను ఇంటి లోపల ఛార్జింగు పెట్టిన బ్యాటరీలు రాత్రివేళ పేలి ప్రాణనష్టము జరిగినది. కావున ఇంటి వైరింగు చేయించునపుడే వసారాలోనో, కొట్టు వెలుపలి గోడకో ప్లగ్గు పెట్టించవలెను. అది ఇంటివారు బయటకు పోవు దారికి అడ్డముగా ఉండరాదు. పడుకొను వేళ ఛార్జింగు పెట్టి నిద్రించుట మానవలెను.

ధాన్యపు గది

ధాన్యమునకు ముగ్గురు శత్రువులు: తేమ, పురుగు, ఎలుక. మూటికిని మొదటి మందు గది కట్టు తీరే. ఈ గది నేల బయటి మట్టమునకు రెండున్నర అడుగుల ఎత్తున ఉన్నచో ఎలుకలకు ప్రవేశము కష్టమగును, వాననీరు చేరదు. మెట్లు గోడకు అంటియుండక, అవసరమైనప్పుడు తీసివేయుటకు వీలైన చెక్క మెట్లైనచో మరియు మంచిది. తలుపు అడుగున రేకు తొడుగు, కిటికీలకు సన్నని ఇనుప వల ఉండవలెను. గచ్చునకు, గోడకు కలియు మూలలలో పగులు లేకుండ సిమెంటు పూయవలెను.

బస్తాలను నేలపై కాక చెక్క బల్లలపై పేర్చి, గోడకు ఒక మూర దూరము విడువవలెను. ఆ సందులో మనిషి పోయి చూడగలుగును. గోడ చెమ్మ బస్తాకు అంటదు. వడ్లలో తేమ 14 శాతమునకు, అపరాలలో 10 శాతమునకు మించకుండ ఎండబెట్టినగాని లోపల చేర్చరాదు. ఎంత మంచి గది కట్టినను పచ్చి ధాన్యమును అది కాపాడలేదు.

ఎలుకలకు మందు పెట్టువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. జింకు ఫాస్ఫైడు పొడి చెమ్మ తగిలినచో ఫాస్ఫీన్ అను విషవాయువును వెలువరించును. అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలు కూడ అట్టివే. ఆ బిళ్లలను శిక్షణ పొందిన వారి పర్యవేక్షణలోనే వాడవలెను; మనుష్యులు నివసించు ఇంటిలో ఎన్నడును వాడరాదు.

మందుల పెట్టె

చంపు వస్తువులకు పెద్ద గది అక్కరలేదు. పెరటి వైపు వెలుపలి గోడలో, వంటగదికి, బావికి, నీటి తొట్టికి దూరముగా, నేలకు 5 అడుగుల ఎత్తున, రెండు అరలు గల సిమెంటు గూడు కట్టించి ఇనుప తలుపు, తాళము పెట్టించినచో చాలును. పై అరలో పొడి మందులు, క్రింది అరలో ద్రవములు ఉంచవలెను. ద్రవము కారినను పొడి తడియదు. స్ప్రేయరు, చేతి తొడుగులు, కొలత గ్లాసు అక్కడనే ఉండవలెను. కొలత గ్లాసు వంటింటికి పోయిన నాడు గూడు కట్టిన ఫలము పోయినట్లే.

మందు సీసాపై వజ్రాకారపు గుర్తు కలదు. అందలి క్రింది సగము ఎరుపైనచో అత్యంత విషము, పసుపైనచో తీవ్ర విషము, నీలమైనచో మధ్యస్థము, ఆకుపచ్చయైనచో స్వల్పము. ఈ నాలుగు రంగులు ఇంటిలో చదువురాని వారికి కూడ నేర్పవలెను. మందును శీతలపానీయపు సీసాలలోనికి మార్చుట పిల్లల నోటికి అందించుటయే. ఖాళీ డబ్బాలను మూడు మారులు కడిగి, ఆ నీటిని స్ప్రేయరులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచి పాడుచేయవలెను. వాటిలో నూనె గాని, నీరు గాని ఎన్నడును పోయరాదు.

తాళము ఒక్కటే చాలదనియు చెప్పవలెను. కోపమునందు, దుఃఖమునందు తాళపు చెవి ఎక్కడున్నదో ఇంటివారికి తెలియును. కనుక ఒక పిచికారీకి కావలసినంత మందు మాత్రమే కొని, దానిని పొలముననే ముగించి వచ్చుట అన్నిటికంటె మేలు. మందుల గూడు ఖాళీగా ఉన్న ఇల్లే క్షేమమైన ఇల్లు. పొరపాటున ఎవరైనను మందు మ్రింగినచో స్వయముగా వాంతి చేయింపక, వెంటనే 108కి ఫోను చేసి, ఆ సీసాను గూడ వెంట తీసికొని ఆస్పత్రికి పోవలెను. చీటీ చూచినగాని వైద్యునకు ఏ విషమో తెలియదు.

చిన్న ఇంటివారి సంగతి

“ఇవన్నియు పెద్ద రైతుల మాటలు” అని కొందరనవచ్చును. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకములో ఇంటి కనీస విస్తీర్ణము 25 చదరపు మీటర్లు, అనగా సుమారు 270 చదరపు అడుగులు. వంట చోటు కూడ అందులోనిదే. అంతలో మూడు కొట్లు కట్టుట సాధ్యము కాదు. కాని మూడు చోట్లు ఏర్పరచుట సాధ్యము. ధాన్యము ఇంటి లోపల, మూత బిగువైన రేకు డబ్బాలో ఉండవలెను. బండి, ఇంధనము పెరటి వసారాలో ఉండవలెను. మందులు వెలుపలి గోడ గూటిలో ఉండవలెను. గోడ లేచునపుడే కట్టించినచో ఈ గూటికి అయ్యెడి ఖర్చు కొద్దిపాటి ఇటుకలు, ఒక రేకు తలుపు మాత్రమే. ఇల్లు పూర్తియైన పిదప గోడ పగులగొట్టి పెట్టించుటకు ఖర్చును ఎక్కువ, మనసును రాదు.

ముగ్గుతోనే పరీక్ష

కాగితముపై 12 అడుగులు ఎంతయో చాలమందికి తోచదు. అందుచేత పునాదికి ముగ్గు పోయు నాడే సామాను కొట్టునకు గూడ నేలపై నిండు కొలతతో ముగ్గు పోయించవలెను. ట్రాక్టరును ఆ గీతల నడుమ నిలిపి, ఇంటి ఇల్లాలిని, పెద్దలను, పనివారిని చుట్టు నడిచి చూడుమనవలెను. తలుపు ఎటు తెరచుకొనును? బస్తా మోసుకొనివచ్చు మనిషి ఎటు తిరుగును? పిల్లలు ఎక్కడ ఆడుదురు? గీతలు చాలవని తోచినచో చెరిపి మరల పోయవచ్చును. ముగ్గు చెరుపుటకు చీపురు చాలును. గోడ చెరుపుటకు అప్పు చేయవలెను.

ఆ నాడు మమ్ములను ప్రశ్నించిన రైతు, తరువాత పెరటి గోడకు ఒక గూడు కట్టించెను. గోడ పగులగొట్టించినందుకు మేస్త్రీకి రెండు దినముల కూలి అదనముగా పడినది. “ఈ మాట ముగ్గు నాడు చెప్పియుండిన బాగుండెడిది గదండీ” అని ఆయన అనెను. ఈ సంవత్సరము ఇల్లు కట్టదలచిన వారందరికి ఆ మాటను ముగ్గు నాటికే అందజేయవలెనని ఈ నాలుగు పుటలు వ్రాసినాము.