తుడిచి ఇచ్చిన గిన్నె

సమస్య

విజయవాడలోని ఒక అపార్ట్‌మెంట్‌లో నివసించే గృహిణి, పక్క ఫ్లాట్‌లోని డెబ్బై ఎనిమిదేళ్ల వృద్ధురాలి విషయమై సలహా కోరుతున్నారు. కొడుకు, కోడలు ఉదయం ఎనిమిదిన్నరకు ఉద్యోగాలకు వెళుతూ బయటి గ్రిల్‌కూ వంటగదికీ తాళం వేస్తారనీ, ఆ ముసలామె దగ్గర ఫోను ఉండదనీ, మధ్యాహ్నానికి రెండు బ్రెడ్డు ముక్కలు మాత్రమే బల్ల మీద ఉంచుతారనీ ఆమె రాశారు. నాలుగు నెలలుగా గ్రిల్ సందులోంచి చిన్న గిన్నెతో పెరుగన్నం అందిస్తుంటే, వృద్ధురాలు తిన్న వెంటనే దానిని వాష్‌బేసిన్‌లో కడిగి, కొంగుతో తడి తుడిచి, సాయంత్రం కొడుకు కారు రాకముందే తిరిగి ఇచ్చేస్తున్నారు. మొన్న మోచేతి మీద కమిలిన మచ్చ చూసి అడిగితే, "మా వాడితో అనకమ్మా, వాడి పరువు పోతుంది" అని బతిమాలారట. ఫిర్యాదు చేస్తే ఒకరి ఇంటి గుట్టు రట్టు చేసినట్లవుతుందేమోనని లేఖకురాలి సంకోచం.

సలహా

ఈ లేఖకు సమాధానం రాయించినది ఆ గిన్నె. కమిలిన మచ్చకు కాలు జారడం వంటి కారణం ఏదైనా ఉండవచ్చును గాని, ఆకలికి అన్నం తిన్న మనిషి ఆ తిన్న ఆనవాలును సైతం కొంగుతో చెరిపివేయడానికి భయం తప్ప వేరొక కారణం కనిపించదు.

చేయవలసిన పనులు కొన్నే. వృద్ధుల కోసం ఏర్పాటైన ఉచిత సహాయవాణి ఎల్డర్‌లైన్ నంబరు 14567. అది ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. ప్రాణాపాయం కనిపిస్తే 112కు ఫోను చేయాలి. ఒక మనిషిని నిర్ణీత హద్దులు దాటి పోనీయకుండా అన్యాయంగా ఆపి ఉంచడాన్ని అక్రమ నిర్బంధం అంటారు. భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ ప్రకారం అది నేరం. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో అధ్యక్షతన పనిచేసే ట్రిబ్యునల్‌కు వృద్ధులే దరఖాస్తు చేయవచ్చు. వారికి శక్తి లేనప్పుడు వారు అధికారమిచ్చినవారు చేయవచ్చు. ట్రిబ్యునల్ తనంతట తానుగా కూడా విచారణ చేపట్టవచ్చు. తాళం వేసిన వేళలను, కనిపించిన గాయాలను తేదీలతో రాసి ఉంచుకోవడం మంచిది. కొడుకును నిలదీయడం మాత్రం కూడదు. దాని ఫలితాన్ని ఆ రాత్రి అనుభవించేది తల్లే.

ఇక ఆమె వద్దన్నారు గదా అన్న ప్రశ్న. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా తెలియజేసి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ విధిస్తున్నది. కాని మతిస్థిమితం గల పెద్దల విషయంలో వారి ఇష్టానికి విలువ ఇవ్వవలసిందే. అయితే తాళం వెనుక నిలబడి చెప్పిన "వద్దు"ను స్వేచ్ఛగా చెప్పిన మాటగా లెక్కించడం న్యాయం కాదు. ఆమె మనసు నిజంగా తెలియాలంటే ముందు ఆ తలుపు తెరుచుకోవాలి.

లేఖకురాలిని మందలించక తప్పని విషయం ఒకటి ఉంది. నాలుగు నెలల పెరుగన్నం ఆకలి తీర్చిన మాట నిజమే గాని, ఆ ఆకలి ఎవరి కంటా పడకుండా దాచినదీ అదే. అన్నం మానవద్దు, దానితోనే బాధ్యత తీరిందనుకోవద్దు.

"ఇంటిగుట్టు లంకకు చేటు" అన్న సామెతను తెలుగు కుటుంబాలు నోరు మూయించడానికే వాడుతున్నాయి. నిజానికి లంకకు చేటు తెచ్చినది అశోకవనంలో ఒక స్త్రీని బంధించి ఉంచడం. విభీషణుడు ముందు అన్నకే నచ్చజెప్పి, ఆ మాట చెల్లకపోయిన తరువాతనే గడప దాటాడు. రామాయణం అతనికి ద్రోహి అన్న పేరు పెట్టకుండా లంకారాజ్యం అప్పగించింది. సామెత మాత్రం చెరను మరచి, చెప్పినవాడినే పట్టుకుంది. గుట్టు అన్నది ఒకప్పుడు బలహీనులకు కప్పిన దుప్పటి: ఇంట్లో గింజలు నిండుకున్న సంగతి, ఆడపిల్ల జబ్బు సంగతి వీధిన పడకుండా కాపాడేది. అదే దుప్పటిని బలవంతుడు తన మీదికి లాక్కుంటే, చలికి వణికేది ముసలివారూ పసివారూనే. ఈ ఇంట్లో కొడుకు పరువును మోస్తున్నది పస్తున్న తల్లి. అలాంటి పరువును కాపాడే బాధ్యత పొరుగువారికి లేదు.

లేఖకురాలు రేపు మధ్యాహ్నం గిన్నె అందించేటప్పుడు సహాయవాణికి చెప్పబోతున్న సంగతి ఆ పెద్దావిడకు నెమ్మదిగా తెలిపి, తన పేరు గోప్యంగా ఉంచమని కోరుతూ 14567కు ఫోను చేయాలి. సాయంత్రం కారు వచ్చేలోపు ఆ పని పూర్తికావాలి.