నూనెకూ పాలకూ పార్టీలు

సందేహం: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. సన్‌ఫ్లవర్, సోయా నూనెలు విషమట, వంటకు బీఫ్ కొవ్వే మేలట. కోడలేమో అదంతా ట్రంప్ మనుషుల ప్రచారమని కొట్టిపారేస్తోంది. మేం ఏళ్ల తరబడి సన్‌ఫ్లవర్ నూనే వాడుతున్నాం. మానెయ్యాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మానక్కర్లేదమ్మా. ఈ నూనెల్లోని లినోలియిక్ ఆమ్లం ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ పెంచుతుందన్నది మీవాడి భయం. మనుషులపై జరిపిన పరీక్షల్లో అది తేలలేదు. పైగా సంతృప్త కొవ్వు తగ్గించి ఈ నూనెలు వాడితే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. బీఫ్ కొవ్వులో సంతృప్త కొవ్వు దాదాపు సగం, సన్‌ఫ్లవర్ నూనెలో పదో వంతు. ఈ నూనెలు మానేశాక ఒళ్లు తేలికపడిందని మీవాడు అంటే నమ్మండి. వాటితోపాటు చిప్స్, ఫ్రైస్, ప్యాకెట్ తిళ్లు కూడా మానేసి ఉంటాడు. మేలు అక్కడిది.

కోడలి మాటలో ముగింపు సరే, కారణం సరికాదు. ఈ నూనెలను తప్పుబట్టే ట్రంప్ ఆరోగ్యమంత్రి రాబర్ట్ కెనడీ 2023 దాకా డెమొక్రాటే. తిండిలో కృత్రిమ రంగులు వద్దని ఆయన అంటున్నాడు. అందులో ఒకటైన రెడ్ 3ని ఆహారంలో వాడొద్దని ప్రభుత్వం ఆదేశించిందేమో 2025 జనవరిలో, బైడెన్ దిగిపోయే ముందు. చెప్పినవాడి పార్టీ చూసి తోసిపుచ్చితే మంచి మాట కూడా పోతుంది.

సందేహం: తిండి గురించిన నమ్మకాలు పార్టీలకు ఎలా అంటుకుంటాయి?
– ఒక విద్యార్థి, వరంగల్

సమాధానం: అమెరికాలో పచ్చిపాల సంగతే చూడండి. అక్కడ రాష్ట్రం దాటించి పచ్చిపాలు అమ్మడాన్ని 1987లో నిషేధించారు. అప్పట్లో ఆ పాల కోసం పట్టుబట్టినవాళ్లలో పెద్ద కంపెనీలంటే గిట్టని వామపక్షీయులు ఎక్కువ. కోవిడ్ తర్వాత ప్రభుత్వ వైద్యులపై నమ్మకం పోయిన మితవాదులు అదే పాలను తమ స్వేచ్ఛకు గుర్తుగా ఎత్తుకున్నారు. పాలు మారలేదు, ఎవరిమీద అనుమానమో అది మారింది. ఒక తిండి ‘మనవాళ్ల’ గుర్తయ్యాక దాన్ని ప్రశ్నించడం మనవాళ్లను వదిలేసినట్టే అనిపిస్తుంది. అందుకే 2024 మార్చిలో టెక్సస్, కాన్సస్ ఆవుల పాలలో బర్డ్ ఫ్లూ వైరస్ బయటపడినా చాలామంది వెనక్కి తగ్గలేదు. ఈ మొండితనానికి మూల్యం చెల్లించేది పసిపిల్లలు, పచ్చిపాలలోని ఇ.కోలై వారి మూత్రపిండాలను దెబ్బతీయగలదు. మీ బంధువులెవరైనా అక్కడ పిల్లలకు పచ్చిపాలు పడుతుంటే పార్టీ ఊసెత్తకండి. మన ఇళ్లలోలా పొంగేదాకా కాచి పట్టమనండి.