ఇరవై గేములు ఉచితమట!

సమస్య



మాది చాదర్‌ఘాట్. కోఠిలో ఒక మందుల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాస్తాను. ఇద్దరు పిల్లలు. అమ్మాయి బీటెక్ రెండో సంవత్సరం. బాబు ఈ ఏడు పదో తరగతి పాసయ్యాడు. పరీక్షల ముందు ‘మంచి మార్కులు తెచ్చుకో, పీఎస్5 కొనిపెడతా’ అని మాటిచ్చాను. అదే, సోనీవాళ్ల ప్లేస్టేషన్ గేము యంత్రం. వాడు తెచ్చుకున్నాడు. ఇప్పుడు నేను మాట నిలబెట్టుకోవాలి.

ఈ మధ్యే చిట్టీ ఎత్తాను. అందులో ఇంటి ఖర్చులు పోను 42 వేలు దీనికని పక్కన పెట్టాను. మా బామ్మర్దికి ఆబిడ్స్‌లో తెలిసిన షాపు ఒకటి ఉంది. అక్కడ రీఫర్బిష్డ్ పీఎస్5 32 వేలకే ఇప్పిస్తానంటున్నాడు. పాత మోడలే కానీ డిస్కు పడుతుంది. రెండు కంట్రోలర్లు ఇస్తారట, పైగా ఇరవై గేములు ఉచితంగా ఎక్కించి ఇస్తారట. నెల రోజులు షాపు వారంటీ. ‘కొత్తదాంట్లో ఏమన్నా బంగారం పెట్టిస్తున్నారా బావా? నేను మాటిచ్చేశాను, శనివారం వచ్చేయ్’ అని రోజూ ఫోను.

మావాడేమో ‘అక్కకు కొత్త లాప్‌టాప్ కొన్నారు, నాకు మాత్రం ఎవరో వాడి వదిలేసిందా?’ అని ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. వాడికి స్నేహితులతో కలిసి ఆన్‌లైన్‌లో ఫుట్‌బాల్ ఆడాలని ఆశ. మా ఆవిడకు తమ్ముడి మాట తీసేయడం ఇష్టం లేదు. కొత్తది కొందామంటే, డిస్కు లేనిదానికి ఇంకో మూడు వేలు కలిపితే చాలట. డిస్కు ఉన్నదైతే ఆ పైన మరో పది వేలు.

ఏది కొనమంటారు? బామ్మర్దికి ఏం చెప్పమంటారు?

– ఒక తండ్రి, చాదర్‌ఘాట్

సలహా

సోదరా,

మీ ఉత్తరంలో అన్ని అంకెలూ చూశాను గానీ, నాకు అనుమానం వచ్చింది ‘ఇరవై గేములు ఉచితం’ దగ్గర. పీఎస్5కి కొత్తగా వచ్చిన పెద్ద గేము ఒక్కటి 4,999 రూపాయల దాకా ఉంటుంది. అలాంటివి ఇరవై అంటే దాదాపు లక్ష రూపాయల సరుకు. మందుల దుకాణంలో పదికి ఒకటి ఫ్రీ అనే స్కీములు మీరు రోజూ చూస్తుంటారు. 32 వేల సరుకు కొంటే లక్ష రూపాయల సరుకు ఊరికే ఇచ్చే స్కీము ఎప్పుడైనా చూశారా?

ఆ గేములు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి, యంత్రాన్ని జైల్‌బ్రేక్ చేయడం, అంటే కంపెనీ వేసిన తాళం పగలగొట్టి దొంగ కాపీలు ఎక్కించడం. అలాంటి యంత్రాన్ని అప్‌డేట్ చేస్తే ఆ తాళం మళ్లీ పడుతుంది. అప్‌డేట్ చేయకుండా ఆన్‌లైన్‌లోకి పోనివ్వరు. అడ్డదారిన పోయినా, సోనీ పట్టుకుంటే ఆ యంత్రాన్నే తన నెట్‌వర్క్ నుంచి వెలివేస్తుంది. ఆ తర్వాత మీవాడు కొత్త అకౌంటు తెరిచినా ఉపయోగం ఉండదు. రెండో దారి, ఎవరిదో అకౌంటులో కొన్న గేములను ఆ అకౌంటుతో సహా మీ యంత్రంలో ఎక్కించడం. అది నలుగురికి అమ్మిన అకౌంటే అయి ఉంటుంది. దాని అసలు యజమాని పాస్‌వర్డ్ మార్చి, మీ యంత్రాన్ని జాబితాలోంచి తీసేసిన రోజున ఇరవై గేములకూ తాళం బొమ్మ పడుతుంది. షాపుకెళ్లి అడిగితే ‘గేములు ఫ్రీగా ఇచ్చాం కదా సార్’ అంటారు. అందులో తప్పుపట్టడానికీ ఏమీ ఉండదు.

మీవాడికి కావలసింది స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఫుట్‌బాల్. ఆ ఒక్కటే దీంట్లో నమ్మకంగా జరగని పని. కాబట్టి బామ్మర్దిగారు చూసిన ఆ పీసు ఇప్పుడున్న పద్ధతిలో వద్దు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

అలాగని వాడిన సామాను మీద నాకు చిన్నచూపు లేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కునే అలవాటు ఉన్నదాన్ని. పుస్తకమైతే అక్కడే పేజీలు తిప్పి, చిరిగిందో లేదో చూసుకుంటాం. ఈ డబ్బా లోపల ఏం కాలిందో, ఏం కారిందో కౌంటరు ముందు నిలబడితే కనిపించదు. అమెరికాలో సోనీయే తన పాత పీఎస్5లను వెనక్కి తీసుకుని, బాగుచేసి, ఏడాది వారంటీతో రీఫర్బిష్డ్ అని అమ్ముతుంది. మీకు చూపించినది కంపెనీ బాగుచేసినది కాదు. ఆ షాపులో మెకానిక్కు దుమ్ము దులిపి, తుడిచి పెట్టినది. ఆ మెకానిక్కు మంచివాడే కావచ్చు, పనిమంతుడే కావచ్చు. కానీ వారంటీ మాత్రం నెల రోజులే, అదీ నోటిమాట.

అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగాలి. ఇంట్లో ఒక పిల్లాడు ఆడి వదిలేసినదైతే భయం లేదు. గంటకింత అని డబ్బు తీసుకుని ఆడించే గేమింగ్ పార్లరు నుంచి వచ్చినదైతే, అది పొద్దున తెరిచిన దగ్గర్నుంచి రాత్రి షట్టరు దించేదాకా తిరిగిన యంత్రం. ఫోను బ్యాటరీ ఎంత అరిగిందో సెట్టింగుల్లో చూపిస్తుంది. ఈ డబ్బా ఎన్ని గంటలు తిరిగిందో కొనేవాడికి చూపించే మీటరు లేదు.

పాత మోడలు పీఎస్5 పక్కన ఉండే తెల్ల ప్లేట్లు స్క్రూడ్రైవరు లేకుండానే ఊడివస్తాయి. మూల పట్టుకుని కాస్త లేపి పక్కకు జరిపితే చాలు. వాటిని తీస్తే వారంటీ కూడా పోదు, స్టోరేజీ పెంచుకునే వాళ్లకు ఆ పద్ధతి కంపెనీయే చెబుతుంది. లోపల దుమ్ము చేరడానికని వదిలిన రెండు రంధ్రాలు కనిపిస్తాయి. ఫ్యాను రెక్కల మీద దుమ్ము దూదిలా పేరుకుని ఉంటే దాన్ని ఎవరూ శుభ్రం చేయలేదని అర్థం. స్క్రూ తలలు చెక్కుకుపోయి ఉన్నా, సీలు స్టిక్కరు చిరిగి ఉన్నా, అప్పటికే ఎవరో లోపల చెయ్యి పెట్టారని అర్థం. ఆ చెయ్యి ఎంత లోపలికి పోయిందన్నదే ప్రశ్న. పీఎస్5లో ప్రాసెసరు వేడిని లాగడానికి మామూలు పేస్టు బదులు లిక్విడ్ మెటల్ అనే ద్రవలోహం వాడారు. 2020 అక్టోబరులో సోనీ ఇంజనీరే కెమెరా ముందు యంత్రాన్ని విప్పి చూపించాడు. అది విద్యుత్తును పారనిస్తుంది. హీట్‌సింకు ఊడదీసి సరిగా బిగించకపోతే, ఆ ద్రవం ఒక చుక్క పక్కకు జారినా బోర్డు కాలిపోవచ్చు. పాత మోడల్లో డిస్కు డ్రైవుకూ తన బోర్డుతోనే జత. అది చెడితే ఇంకో యంత్రంలోంచి ఊడదీసి పెట్టిన డ్రైవు గేము డిస్కులు చదవదు.

మీ పేటవాళ్లకు ప్రత్యేకంగా ఇంకో మాట. 2025 సెప్టెంబరు చివర జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ ఎంజీబీఎస్ బస్టాండు లోపలికే వచ్చింది, చాదర్‌ఘాట్ కింది వంతెన మీద రాకపోకలు ఆపేశారు. నదిని ఆనుకుని ఉన్న బస్తీల్లో ఎన్నో ఇళ్లలోకి నీళ్లు చేరాయి. తడిసిన ఫ్రిజ్జులు, టీవీలు, ఇలాంటి డబ్బాలు ఎక్కడికి పోతాయంటారు? కొన్ని ఆరి, తుడిపించుకుని, మళ్లీ ఏదో ఒక కౌంటరు మీదికి చేరకుండా ఉండవు. లోపలి లోహపు రేకు మీద, స్క్రూల చుట్టూ తుప్పు మచ్చ కనిపిస్తే మారు మాట్లాడకుండా బయటికి రండి.

మరి ఏది కొనాలి? కొత్తదే కొనండి, అదీ డిస్కు పట్టేదే. చౌక అని డిస్కు లేనిదాని వైపు మొగ్గకండి. 2024 ఏప్రిల్‌లో పీఎస్5 కొత్త రూపం, స్లిమ్ మోడల్, మన దేశానికి వచ్చినప్పుడు డిస్కు ఉన్నది 54,990, లేనిది 44,990. ఆ తర్వాత ధరలు మారుతూ వచ్చాయి, కొనే రోజున ఎలాగూ కనుక్కుంటారు. ఆ పది వేల తేడా మీకు ఎదురుగా కనిపిస్తోంది. డిస్కు లేనిదాంట్లో ప్రతి గేమూ ఆన్‌లైన్ స్టోరులోనే, అక్కడ చెప్పిన ధరకే కొనాలి. ఆడి వదిలేసిన గేము ఎవరికీ అమ్మలేరు, అరువివ్వలేరు. డిస్కు అయితే మీవాడు స్నేహితుడితో మార్చుకుంటాడు. పాతది కొని, ఆడి, కాస్త నష్టానికి మళ్లీ అమ్ముతాడు. కోఠి, ఆబిడ్స్ నడిచి పోగలిగినంత దూరంలో ఉన్న పిల్లాడికి అది చిన్న సౌకర్యం కాదు. నాలుగైదు గేములు అయ్యేసరికి ఆ పది వేలలో చాలా భాగం వెనక్కి వచ్చేస్తుంది. వాడిన సామానుతో డబ్బు మిగుల్చుకోవాలని ఉంటే ఇదీ సరైన చోటు: డిస్కులు పాతవి కొనండి. గీతలు పడ్డాయో లేదో వెలుతురులో తిప్పి చూస్తే తెలిసిపోతుంది. పాడైనా పోయేది ఒక గేము డబ్బే. డబ్బు పెట్టి కొన్న ఫుట్‌బాల్ గేమును ఆన్‌లైన్‌లో ఆడటానికి ప్లేస్టేషన్ ప్లస్ చందా వేరుగా కట్టాలి. ఆ ఖర్చు మీ ఉత్తరంలో లేదు, లెక్కలో వేసుకోండి.

మిగతా డబ్బు సంగతికొస్తే, దసరా దీపావళి రోజుల్లో సోనీ దీని ధర ఐదు వేలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ తగ్గించిన సందర్భాలున్నాయి. అప్పటిదాకా ఆగండి. ఈలోగా నెలకు రెండు మూడు వేలు పక్కన పెట్టగలిగితే మీ 42 వేలకు తోడవుతుంది. నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఎక్కడో ఒకచోట తగులుతాయి. చేతిలో చిట్టీ డబ్బున్న మనిషికి అది అనవసరం.

యంత్రం కాలం తీరిపోతుందేమో, అప్పటికి ఇంకో కొత్తది వస్తుందేమో అని తొందరపడకండి. సోనీ పాత యంత్రం పీఎస్2 జపాన్‌లో 2000లో వచ్చింది, 2013 దాకా తయారవుతూనే ఉంది. వచ్చిన తొమ్మిదేళ్లకు, 2009లో, మన హైదరాబాద్ సంస్థ ఆరోనా టెక్నాలజీస్ దానికోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే గేము తయారుచేసింది. నాలుగు నెలలు ఆగితే కొంపేమీ మునిగిపోదు.

ఇక బామ్మర్దిగారు. ఆయన్ను కాదనే పని మీరు పెట్టుకోకండి. మీ షరతులు మూడు చెప్పండి. సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు కావాలి, ఆరు నెలల వారంటీ ఆ బిల్లు మీదే రాసి ముద్ర వేయాలి, ఎక్కించిన గేములన్నీ తుడిచేసి మా ముందు మా అబ్బాయి అకౌంటుతో ఆన్‌లైన్‌లో ఒక ఆట ఆడించాలి. కచ్చా చీటీకీ పక్కా బిల్లుకూ తేడా లెక్కలు రాసే మీకు నేను చెప్పనక్కర్లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసినా మొదట అడిగేది బిల్లే. షాపాయన ఈ మూడింటికీ ఒప్పుకుంటే బామ్మర్దిగారికి నిజంగానే మంచి షాపు తెలుసన్నమాట, అప్పుడు ఆ 32 వేల సరుకును మళ్లీ ఆలోచించవచ్చు. ఒప్పుకోకపోతే కాదన్నది షాపాయనే, మీరు కాదు. మూడో షరతు దగ్గరే కథ ముగుస్తుందని నా అంచనా. ఈ మాట మీ ఆవిడ చేతే తమ్ముడికి చెప్పించండి. అక్క చెబితే సలహా అవుతుంది, బావ చెబితే అవమానమవుతుంది. పాత డిస్కులు కొనేటప్పుడు ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్లండి, ఆ పరిచయం అక్కడ నిజంగా పనికొస్తుంది.

మీ అబ్బాయి అడిగిన అక్క లాప్‌టాప్ మాటకు కోపం తెచ్చుకోకండి. లాప్‌టాప్ చదువుకు, ఇది ఆటకు అని ఉపన్యాసమూ ఇవ్వకండి, అది వాడికీ తెలుసు. కాగితం మీద లెక్క వేసి చూపించండి: చిట్టీ ఎంత, ధర ఎంత, ప్లస్ చందా ఎంత, దసరాకి ఎంత తగ్గవచ్చు. ‘కొత్తదే, డిస్కుదే, నాలుగు నెలలు ఆగాలి’ అని తేదీతో సహా చెప్పండి. పదహారేళ్లవాడు ‘చూద్దాంలే’ను నమ్మడు, తేదీని నమ్ముతాడు. దీనివల్ల చదువు పాడవుతుందా అని మీరు అడగలేదు కాబట్టి నేనూ చెప్పను.

కొన్నాక ప్యాకింగు డబ్బానూ బిల్లునూ పారేయకండి. డబ్బా మీది సీరియల్ నంబరు, యంత్రం మీదిది, బిల్లులోది మూడూ ఒకటేనా అని షాపులోనే చూసుకోండి. ఏడాది కంపెనీ వారంటీలో సర్వీసు సెంటరువాళ్లు అడిగేది అవే. మీవాడు ఇంజనీరింగుకు హాస్టలుకు వెళ్తూ దాన్ని అమ్మేయాలనుకున్నా, డబ్బా, బిల్లు ఉన్నదానికే మంచి ధర వస్తుంది.