కోట ఎక్కేటప్పుడు తక్బీర్, దిగేటప్పుడు తస్బీహ్

భూమిపై సంచరించి గతించిన జాతుల పర్యవసానాన్ని చూడమని అల్లాహ్ దివ్య ఖుర్‌ఆన్‌లో అనేకచోట్ల ఆజ్ఞాపించాడు. కనుక చారిత్రక కట్టడాల సందర్శన కేవలం కాలక్షేపం కాదు. నియ్యత్ సరిగా ఉంటే అదీ ఒక పాఠమే. ఉదాహరణకు ఇస్తాంబుల్‌లోని రుమేలీ హిసారీ కోటనే తీసుకుందాం.

ఇది బాస్ఫరస్ జలసంధికి యూరప్ వైపు ఒడ్డున కొండవాలుపై ఉంది. అక్కడ జలసంధి వెడల్పు సుమారు 700 మీటర్లే. పైనుండి చూస్తే కింద నీలిరంగు నీళ్ళు, వచ్చిపోయే ఓడలు, అవతల ఆసియా ఒడ్డు కనిపిస్తాయి. నల్ల సముద్రం నుండి కాన్‌స్టాంటినోపుల్‌కు వచ్చే ఓడలను అదుపు చేయడానికి సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్ 1452లో కొద్ది నెలల్లోనే దీన్ని కట్టించాడు. 1453 మే 29న ఆ నగరం ఆయన వశమైంది.

కోటలోని మూడు పెద్ద బురుజులను ముగ్గురు పాషాల పర్యవేక్షణలో కట్టారు. నేటికీ అవి వారి పేర్లతోనే ఉన్నాయి. నీటి ఒడ్డున ఉన్నది ప్రధాన వజీరు ఖలీల్ పాషా బురుజు. నగరం జయించిన కొద్ది కాలానికే, 1453లోనే, అదే సుల్తాన్ ఆజ్ఞతో ఆయనకు మరణశిక్ష అమలైంది. బురుజు మిగిలింది, పేరు మిగిలింది. పదవీ లేదు, ప్రాణమూ లేదు. ఇంతకు మించిన ఇబ్రత్ ఏముంటుంది?

ఎత్తు ఎక్కేటప్పుడు ‘అల్లాహు అక్బర్’ అని, పల్లానికి దిగేటప్పుడు ‘సుబ్‌హానల్లాహ్’ అని తాము పలికేవారమని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. కోట మెట్లెక్కుతూ తక్బీర్ పలికితే ఏ సుల్తానూ గొప్పవాడు కాదని, అల్లాహ్‌యే గొప్పవాడని మనసుకు గుర్తుచేసుకున్నట్లు. దిగుతూ తస్బీహ్ పలికితే పతనం మనకే గాని ఆయనకు లేదని ఒప్పుకున్నట్లు.

మరో ముఖ్య విషయం. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం దాదాపు 48 మైళ్ళు లేదా అంతకు మించిన ప్రయాణంపై బయలుదేరి, ఒకచోట 15 రోజులకన్నా తక్కువ ఉండదలచినవారు జొహర్, అసర్, ఇషాల ఫర్జ్‌ను రెండేసి రకాతులుగా చేయాలి. స్థానిక ఇమామ్ వెనుక చేస్తే పూర్తిగా చేయాలి. ఇంత సౌలభ్యం ఉన్నా ఫోటోల ధ్యాసలో మనం నమాజు పోగొట్టుకుంటే, ఫాతిహ్ విజయాల గురించి ఎంత గర్వంగా చెప్పుకున్నా ఏం లాభం?

చూసిన ప్రతిదాని నుండి గుణపాఠం నేర్చుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.