చివరి వరుసకు వినబడునట్లు

పాఠ్యభాగము: నెహెమ్యా 8:1–9

యెరూషలేములో నీటి గుమ్మము ఎదుటనున్న మైదానమున ఎజ్రా ధర్మశాస్త్రమును చదివిన దినమును జ్ఞాపకము చేసికొందము. ఉదయము మొదలుకొని మధ్యాహ్నము వరకు చదువుట జరిగెను. ఆ పనికొరకే చేయబడిన కఱ్ఱ పీఠముమీద అతడు అందరికిని కనబడునట్లు నిలిచెను. లేవీయులు స్పష్టముగా చదివి భావము తెలిపిరి. జనులు గ్రహించిరి, విని కన్నీరు విడిచిరి. గ్రంథము పరిశుద్ధమైనది గనుక ఎట్లు చదివినను చాలునని వారు తలంపలేదు.

మన సంగతి యేమి? కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఆదివారమున మేము వాక్యము చదివి, బాగుగనే చదివితిమని తలంచుచు దిగి వచ్చితిమి. ఆరాధన ముగిసిన పిమ్మట వెనుక వరుసలో కూర్చుండు ఒక అవ్వ మా చేయి పట్టుకొని, "నాయనా, నాకు చదువు రాదు. మీరు చదివితేనే నాకు వాక్యం. ఇవాళ ఒక్క ముక్కా వినబడలేదయ్యా" అనెను. ఆమె మమ్మును నిందింపలేదు. ఆకలితో వచ్చి ఆకలితోనే వెళ్లెను. ఆ దినమున మేము నేర్చుకొన మొదలిడిన సంగతులను కొన్ని ఇక్కడ వ్రాయుచున్నాము.

1. నిలుచుట. పాదములు రెండును కొంచెము ఎడముగా నుంచి, బరువు రెంటిమీదను సమముగా నిలుపవలెను. బల్లమీదికి వంగినయెడల రొమ్ము నొక్కబడును, గొంతు ముడుచుకొనును, మాట పుస్తకములోనే పడిపోవును. పుస్తకమును కొంచెము పైకెత్తి పట్టుకొనుట మేలు.

2. ఊపిరి. భుజములెగురునట్లు పీల్చిన గాలి త్వరగా అయిపోవును. నడుము, పొట్ట విచ్చుకొనునట్లు నిదానముగా పీల్చవలెను. బిగ్గరగా మాటలాడుటకు గొంతును బిగించువాడు కొద్ది సేపటికే బొంగురుపోవును. ఊపిరి నాధారము చేసికొనువాడు అలసిపోడు.

3. వాక్యాంతము. ఇది మన తెలుగువారు విశేషముగా గమనింపదగినది. మన భాషలో క్రియ సాధారణముగా చివరనే వచ్చును. కాదను మాటయు అక్కడనే యుండును. "ఆయన మనలను మరచును" అనుటకును, "ఆయన మనలను మరువడు" అనుటకును గల భేదమంతయు చివరి మాటలోనే యున్నది. చాలమంది వాక్యము ముగియుచుండగా ఊపిరి చాలక స్వరము దించివేయుదురు. అప్పుడు వెనుకనున్నవారికి ఎవరిని గూర్చి చెప్పితిమో తెలియును గాని, ఏమి చెప్పితిమో తెలియదు. చివరి అక్షరము వరకు ఊపిరి మిగుల్చుకొందము.

4. నిదానము. దీర్ఘమును హ్రస్వముగా పలికినయెడల "పాడుము" అనునది "పడుము" అగును. పేరాకు పేరాకు మధ్య ఒక ఊపిరి కాలము ఆగుదము. ఆ మౌనములో వినువారు ఆలోచింతురు.

5. చూపు, చేతులు. తల యెత్తినప్పుడు కప్పు వైపు కాక మనుష్యుల ముఖములను చూడవలెను. చేతులకు పని లేనియెడల ఊరకుండనిత్తము. గుండీలు త్రిప్పుట, కళ్లద్దములు సవరించుట వినువారి మనస్సును చెదరగొట్టును.

"మైకు ఉన్నది గదా" అందురేమో. మైకు ధ్వనిని పెంచునే గాని మ్రింగిన అక్షరమును తిరిగి తేలేదు. 1857 అక్టోబరు 7న లండనులోని క్రిస్టల్ ప్యాలెస్‌లో స్పర్జన్ మైకు లేకుండ 23,654 మందికి ప్రసంగించెను. ఆ గొప్ప స్వరము గలవాడును ముందుగా అచ్చటికి వెళ్లి తన మాట ఎట్లు వినబడునో పరీక్షించుకొనెను. మనకు అభ్యాసము అక్కరలేదా?

ఇది నటన కాదా యని కొందరి సందేహము. మోషే తాను నోటి మాంద్యము గలవాడనని చెప్పినప్పుడు, దేవుడు అతని పంపుట మానలేదు; జనులకు అర్థము కాకపోయినను సరే యనలేదు. బాగుగా మాటలాడు అహరోనును తోడిచ్చెను. వినువారియెడల దేవునికి అంత లక్ష్యము గలదు. మెప్పుకొరకు స్వరము దిద్దుకొనుట గర్వము. సహోదరునికి వినబడుటకు దిద్దుకొనుట ప్రేమ.

ఈ వారము చేయవలసినది: మందిరము ఖాళీగా నున్నప్పుడు ఒకరిని చివరి వరుసలో కూర్చుండబెట్టి, నెహెమ్యా 8వ అధ్యాయము మైకు లేకుండ చదువుడి. తరువాత వారు విన్నది వారి నోటనే చెప్పించుడి. వారు చెప్పలేని చోటులను గురుతు పెట్టుకొని మరల చదువుడి.

ఆ అవ్వ నేడును అదే వరుసలో కూర్చుండును. చదువుటకు లేచిన ప్రతిసారి మేము మొదట ఆమె వైపు చూతుము.