నీళ్ల అడుగున ఊపిరి

అక్కలారా! ఎల్.బి.నగర్ చౌరస్తాలో రాత్రి వైజాగ్ బస్సు ఎక్కితే తెల్లారి సముద్రం ఒడ్డుకు చేరుతాం. అక్కడ రామకృష్ణా బీచ్‌లో ఇసుక మీద పెద్ద నల్లటి ఓడ ఉంది. దాని పేరు కురుసుర. అది నీళ్ల అడుగున పోయే ఓడ. దాన్ని జలాంతర్గామి అంటారు. సబ్‌మెరైన్ అని కూడా అంటారు. 1969లో మన నౌకాదళంలో చేరింది. 2001 దాకా పనిచేసింది. 2002 నుంచి టికెట్ కొని ఎవరైనా లోపలికి పోయి చూడొచ్చు.

పొడవు 300 అడుగులు. కానీ లోపల దారి ఇరుకు. ఒకరి వెనక ఒకరు నడవాలి. ఇందులోనే 70 మందికి పైగా ఉండేవారు. వంటా అక్కడే, పడకా అక్కడే. కిటికీ ఒక్కటీ లేదు.

మరి ఊపిరి ఎట్లా?

గాలిలో నూటికి 21 పాళ్లు ఆక్సిజన్ ఉంటుంది. మనం దాన్ని పీల్చుకుంటాం. బొగ్గుపులుసు వాయువును వదులుతాం. తలుపులన్నీ మూసిన చోట ఆక్సిజన్ తగ్గుతుంది. అది అయిపోక ముందే, మనం వదిలిన వాయువు పేరుకుపోతుంది. తల నొస్తది. ఆయాసం వస్తది. చివరికి స్పృహ పోతుంది.

జలాంతర్గామి అడుగున చిక్కుకుంటే నావికులకు ఇదే భయం. అందుకే వాళ్ల దగ్గర ఒక పరికరం ఉంటుంది. మెడకు తగిలించుకునే రబ్బరు సంచి లాంటిది. దానికి ఒక చిన్న సిలిండర్, ఒక డబ్బా ఉంటాయి. సిలిండర్‌లో ఆక్సిజన్. డబ్బాలో ఏముంటుందో చెప్పండి? సున్నం! మనం తమలపాకుకు రాసే సున్నం జాతిదే. నావికుడు వదిలిన గాలి ఆ డబ్బాలోంచి పోతుంది. సున్నం బొగ్గుపులుసు వాయువును పట్టేస్తుంది. మిగిలిన గాలిలో కొంచెం ఆక్సిజన్ కలుస్తుంది. మళ్లీ దాన్నే పీల్చుకుంటాడు.

ఇది మీరే చూడొచ్చు. గ్లాసు నీళ్లలో కొంచెం సున్నం కలిపి ఉంచండి. పైన తేరిన నీళ్లు వేరే గ్లాసులోకి వంచండి. సన్న గొట్టంతో మెల్లగా ఊదండి. పీల్చొద్దు, కళ్లలో పడనీయొద్దు. నీళ్లు పాలలాగ తెల్లబడతాయి. అది మీ ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు పని.

పరికరం ఉన్నా వాడడం రావాలి. 2000 ఆగస్టులో రష్యా జలాంతర్గామి కుర్స్క్ పేలి మునిగింది. అందులో 118 మంది ఉన్నారు. పేలుళ్ల తర్వాత 23 మంది వెనక గదిలో బతికే ఉన్నారు. వాళ్ల దగ్గర ఆక్సిజన్ పుట్టించే మందు పలకలు ఉన్నాయి. వాటికి నూనె నీళ్లు తగిలి భగ్గున మంట లేచింది. ఉన్న ఆక్సిజన్‌ను మంటే తినేసింది. ఒక్కరూ మిగల్లేదు.

మన నావికులు విశాఖలోని ఐ.ఎన్.ఎస్. శాతవాహనలో ఈ విద్య నేర్చుకుంటారు. అక్కడ ముఖ్యమైన పాఠం ఒకటి ఉంది. పైకి తేలేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. పైకి వస్తున్న కొద్దీ లోపలి గాలి ఉబ్బుతుంది. బిగబడితే ఊపిరితిత్తులు చిట్లుతాయి.

"సముద్రం ముచ్చట మన మన్సూరాబాద్‌కు ఎందుకు?" అని అడుగుతారేమో. డ్రైనేజీ మ్యాన్‌హోల్ కూడా మూసిన చోటే కదా! అందులో విషవాయువులూ ఉంటాయి. దిగే మనిషి మూతికి తువ్వాలు కట్టుకుంటాడు. తువ్వాలులో సున్నం డబ్బా లేదు, సిలిండర్ లేదు. అది విషవాయువును ఆపదు. ఒకరు పడిపోతే కాపాడబోయి రెండో మనిషి దిగుతాడు. అతడూ పడిపోతాడు. రక్షణ సామాను లేకుండా మనిషిని అందులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం.

రాయండి: మీ గల్లీలో మ్యాన్‌హోల్ ఎవరు శుభ్రం చేస్తారు? మిషన్ వస్తుందా, మనిషి దిగుతాడా? దిగితే ఒంటి మీద ఏమేమి ఉంటాయి?