సున్నా కాకపోతే చాలా?

మన బడిలో పరీక్షా ఫలితాలను కంప్యూటరులో ఎక్కించాలనుకోండి. పాసయినవాడికి 1, తప్పినవాడికి 0, అసలు పరీక్షకే రానివాడికి -1 అని గుర్తులు పెట్టుకున్నాం. తరువాత గుమాస్తాతో, "సున్నా ఉన్నవాళ్ళను ఆపి, మిగిలినవాళ్ళను పై తరగతికి పంపించు" అన్నాం. అతను మన మాటను అక్షరాలా పాటించాడు. ఏమయింది? పరీక్షకు రానివాడు దర్జాగా పై తరగతిలో కూర్చున్నాడు! -1 సున్నా కాదు కదా మరి!

నవ్వు వస్తోందా? సరిగ్గా ఇలాంటి తప్పే, ప్రపంచమంతా వాడే ఒక కంప్యూటరు ప్రోగ్రాంలో దొర్లింది. అదెలాగో చూద్దాం.

ఎర్రర్ కోడ్ అంటే ఏమిటి?

సి అనే కంప్యూటరు భాషను 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో డెనిస్ రిచీ రూపొందించాడు. ఈ భాషలో పెద్ద పనిని చిన్న చిన్న పనులుగా విడగొట్టి రాస్తారు. ఒక్కొక్క చిన్న పనిని ఫంక్షను అంటారు. పని ముగియగానే ఫంక్షను సాధారణంగా ఒక సంఖ్యను తిరిగి పంపుతుంది. పని చెడితే ఆ కబురు చెప్పేది కూడా చాలాసార్లు ఆ సంఖ్యే. దాన్నే ఎర్రర్ కోడ్ అంటారు. ఏ సంఖ్యకు ఏమి అర్థమో ఆ ఫంక్షను రాసినవారే నిర్ణయిస్తారు.

ఇంకొక నియమం గుర్తుంచుకోండి. 'అవునా, కాదా' అని పరీక్షించేటప్పుడు సి భాష సున్నాను మాత్రమే 'కాదు' అనుకుంటుంది. సున్నా కాని ప్రతి సంఖ్యా, అది రుణసంఖ్య అయినా సరే, 'అవును' కిందే లెక్క.

దొంగకు దొరికిన సందు

ఇంటర్‌నెట్‌లో కబుర్లు రహస్యంగా పంపుకోవటానికి తోడ్పడే ప్రోగ్రాముల సముదాయం ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్. దీన్ని సి భాషలో రాశారు. మీ కంప్యూటరు ఒక బ్యాంకు కంప్యూటరుతో మాట్లాడే ముందు, అవతల ఉన్నది నిజంగా ఆ బ్యాంకేనా అని తెలుసుకోవాలి. అందుకు డిజిటల్ సంతకాలను సరిచూస్తారు. ఆ పని చేసే ఫంక్షను మూడు జవాబులలో ఒకటి ఇస్తుంది. సంతకం సరిపోతే 1. సరిపోకపోతే 0. సరిచూడటమే కుదరకపోతే -1.

కాని ఆ ఫంక్షనును పిలిచిన కొన్ని చోట్ల ప్రోగ్రాం ఒకే ప్రశ్న వేసింది: "జవాబు సున్నాయా? అయితే తిరస్కరించు." సరిపోని సంతకం పంపిన దొంగ 0తో పట్టుబడతాడు. మరి ఆకారమే చెడిపోయిన సంతకాన్ని పంపితే? జవాబు -1 వస్తుంది. అది సున్నా కాదు. తలుపు తెరుచుకుంటుంది!

డి.ఎస్.ఎ., ఇ.సి.డి.ఎస్.ఎ. అనే రెండు రకాల సంతకాల విషయంలో ఈ ప్రమాదం ఉండేది. 2009 జనవరి 7న ఈ లోపాన్ని ప్రకటించి, 0.9.8జె అనే కొత్త కూర్పులో సరిదిద్దారు. సవరణ చాలా చిన్నది. "సున్నాయా?" అని అడిగే చోట, "సున్నా గాని, అంతకన్నా తక్కువ గాని అవునా?" అని అడిగారు.

సవరణను సరిచూడటం

ఒకరు చేసిన మార్పును మరొకరు చదివి సరిచూడటం ప్రోగ్రామర్లకున్న మంచి అలవాటు. ఈ సవరణను మీ చేతికిచ్చి సరిచూడమంటే ఏం చేస్తారు? బాగుందని తల ఊపితే చాలదు. రాగల జవాబులన్నీ కాగితం మీద వేసి చూడండి.

జవాబు 1: పాత ప్రశ్నకు అనుమతి, కొత్త ప్రశ్నకూ అనుమతి.
జవాబు 0: పాత ప్రశ్నకు తిరస్కారం, కొత్త ప్రశ్నకూ తిరస్కారం.
జవాబు -1: పాత ప్రశ్నకు అనుమతి, కొత్త ప్రశ్నకు తిరస్కారం.

మారవలసిన వరుస ఒక్కటే మారింది. మిగిలిన రెండూ చెక్కుచెదరలేదు. కనుక సవరణ సరైనదే. అయితే పని అంతటితో ముగియలేదు. అదే ఫంక్షనును ఇంకెక్కడెక్కడ పిలిచారో వెతకాలి. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో ఈ తప్పు ఒక్కచోట కాదు, అనేక చోట్ల ఉంది. ఒక తలుపుకు గడియ వేసి, పెరటి తలుపు మరిచిపోతే ఏం లాభం?

మన ప్రయోగశాలలోనూ ఇంతే. లిట్మస్ కాగితం ఎర్రబడకపోవటం వేరు, కాగితమే దొరకకపోవటం వేరు. రెండోదాన్ని చూసి "ఇది ఆమ్లం కాదు" అని రికార్డు పుస్తకంలో రాస్తే నేను ఒప్పుకుంటానా?

మీరే ఆలోచించండి

పై సవరణ బాగుంది కదా అని దాన్ని అన్నిచోట్లా వాడవచ్చా? యూనిక్స్‌లో ఫైలును తెరిచే ఫంక్షను ఒకటి ఉంది. ఫైలు తెరుచుకోకపోతే అది -1 ఇస్తుంది. తెరుచుకుంటే ఆ ఫైలుకు ఒక సంఖ్య కేటాయించి, ఆ సంఖ్యనే మనకిస్తుంది. ఆ సంఖ్య 0 కూడా కావచ్చు. ఇక్కడ "సున్నా గాని, అంతకన్నా తక్కువ గాని అయితే పని చెడినట్లే" అని ఒక ప్రోగ్రామరు రాశాడు. ఏ వరుసలో తప్పు వస్తుంది? దాన్ని ఎలా దిద్దుతారు? పట్టిక వేసి, మీ స్నేహితుడి పట్టికతో పోల్చి చూసుకోండి.